దారి మరిచే రత్నాకర్ సార్

రత్నాకర్ సార్‌కు దారి గుర్తుండదు. ఇబ్రహీంపట్నం బడిలో ఉన్నవే ఆరు గదులు. ఆ ఆరింటిలోనూ ఆయన తప్పిపోగల సమర్థుడు.

చదువు ఎక్కని పిల్లలతో, కొట్లాటలకు దిగే పిల్లలతో మాట్లాడడానికి వారానికోసారి హయత్‌నగర్ నుంచి వచ్చే కౌన్సెలర్ ఆయన. "నేనేం జెయ్యాలె టీచరమ్మా? పోయిన వారం జొన్నచేనుండె, ఇయ్యాల చూస్తె వెంచర్! గుర్తెట్ల పెట్టుకోవాలె?" అనేవారు.

"చేను బయట గద సార్! బడి లోపల గూడ ప్లాట్లు చేసిన్రా?" అని స్వప్న టీచర్ నవ్వేది.

ఐదో తరగతి వైశాలి విషయంలో మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. తెలుగు పీరియడ్ వస్తే చాలు, ఆ పిల్ల పక్కవాళ్ళను గుద్దేది. "ఇంకోసారి లొల్లయితె టీసీ ఇచ్చి పంపిస్త" అన్నారు హెడ్మాస్టర్ సంజీవ. ఒకసారి బడి మానితే వైశాలి మళ్ళీ రాదని స్వప్నకు తెలుసు.

రత్నాకర్ సార్ తాపీగా వచ్చారు. "బిడ్డా, నా గది ఏడుందో జర చూపెడ్తవా?"

"మళ్ల మర్చినవా సార్?" అని వైశాలి ఆయన చెయ్యి పట్టి లాక్కెళ్ళింది. వరండా చివరి గదికి ఆ ఇద్దరూ ప్రతి వారం నల్లా దాటి, వంటగది వెనకగా, మైదానమంతా చుట్టి వెళ్ళేవారు. అంతసేపు ఏం మాట్లాడుకుంటారో అని స్వప్న కిటికీలోంచి మెడ సాచి చూసేది.

ఒక సాయంత్రం బస్టాండులో ఎవరో లారీ డ్రైవర్ కోహెడకు దారి అడిగాడు. పల్లీలు నములుతూనే రత్నాకర్ సార్, ఏ మలుపులో గుంత ఉందో కూడా చెప్పేశారు. వెనకే స్వప్న!

"సార్! మీకు దారులన్నీ ఎరుకనే!"

ఆయన నాలుక కరుచుకున్నారు. "మెల్లగ, టీచరమ్మా! పిల్లలకు తెలిస్తె నా పని ఖతం. ఎదురుంగ కూసోబెట్టి అడిగితె నోరిప్పరు. పక్కపొంటి నడిస్తె వాళ్ళే చెప్తరు. సార్‌కు తెల్వంది మాకెరుక అని మస్తు మురుస్తరు గూడ."

"మరి వైశాలి ఏమన్నది?"

"మీకు చెప్పనా అని ఆ పిల్లనే అడిగిన, సరేనన్నది. పుస్తకం తెరిస్తె అక్షరాలు కుదురుగ నిలబడవట. తన వంతు రాకముందే ఎవర్నన్న గుద్దితె మీరు బయట నిలబెడ్తరు గద? చదివే బాధ తప్పుతదట."

స్వప్న మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్ళింది. "వైశాలిని నాకొదిలెయ్యిన్రి సార్. అందరి ముందట చదివియ్యను, పక్కన కూసోని నేర్పిస్త." ఆయన గొణిగి, పరీక్షల దాకా ఆగుతానన్నారు.

తెలుగు పీరియడ్‌కు గంట కొట్టారు. వైశాలి అప్పటికే పిడికిలి బిగించి ఉంది. స్వప్న దగ్గరికి వెళ్ళి వంగింది.

"బిడ్డా, స్టాఫ్‌రూమ్ ఏడుందో జర చూపెడ్తవా?"

ఏళ్ళ తరబడి అదే బడిలో పాఠాలు చెబుతున్న టీచరును వైశాలి ఎగాదిగా చూసింది.

"సార్ రోగం మీకు గూడ అంటుకున్నదా టీచర్?" అంటూ పిడికిలి విప్పి, ఆమె చెయ్యి పట్టుకుంది.