చుక్క కారని పొట్టిక్క బుట్ట

ఇడ్లీకి మ్యూజియం ఏమిటని మొదట నేనే నవ్వాను. గల్ఫ్ హోటళ్లలో ఏళ్ల తరబడి వంట చేసి వచ్చిన ఒకాయన, అమలాపురం దగ్గర మూతపడ్డ రైస్ మిల్లు షెడ్డులో పెట్టారని విని, మా అత్తగారిని ఆటో ఎక్కించాను. ఆవిడ కోసమే ఆ ప్రయాణం.

కిందటి వానాకాలం అరుగు మీద జారిపడి ఆవిడ కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది గానీ వేళ్లు మునుపటిలా వంగడం లేదు. నలభై ఏళ్లు రోజూ పనసాకులతో బుట్టలు కుట్టి, వాటిలో ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు వండిన చెయ్యి అది. "ఇక వదిలేయండత్తయ్యగారూ, స్టీలు ప్లేట్లున్నాయి కదా" అన్నాను నేను, పెద్ద దయగలదానిలా. ఆవిడ బుట్టలతో పాటు వంటింటినే వదిలేశారు. నా నోటిని ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

షెడ్డు గోడల నిండా ఇడ్లీ ప్లేట్లు. రుబ్బురోళ్లన్నిటికీ పసుపు, బొట్టు. ఇడ్లీ గుడ్డల్ని ఇస్త్రీ చేసి ఫ్రేములు కట్టించారాయన! నేను నవ్వాపుకుంటుంటే, అత్తగారు ఒక అద్దాల పెట్టె ముందు ఆగిపోయారు. లోపల పొట్టిక్క బుట్ట. ఆకుల్ని స్టాప్లర్ పిన్నులతో కలిపారు.

"ఇదేంటండీ బాబూ, తినేదానికి ఇనప పిన్నులా?"

ఆ వంటాయన పెట్టె దగ్గరికొచ్చారు. "పుల్ల గుచ్చితే ఆకు చిరిగిపోతోందండీ. చూడ్డానికే కదా అని..."

"కోసిన ఆకు కోసినట్టే కుట్టేసేరేమో. కాసేపు వాడి మెత్తబడనివ్వాలండీ."

పొద్దున కోసిన పనసాకులు మిగిలి ఉంటే తెచ్చారు. కొబ్బరాకు నుంచి పచ్చి ఈనె చీల్చుకుని అత్తగారు కింద కూర్చున్నారు. "మీ చెయ్యి" అనబోయి నాలిక కరుచుకున్నాను. మొదటి బుట్ట చేతిలోనే విడిపోయింది. చూడ్డానికొచ్చినవాళ్లు చుట్టూ చేరారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకు తీసుకొచ్చానా అని. ఆవిడ మాత్రం మరో నాలుగాకులు తీసుకుని, మడతను మోకాలికి అదిమిపట్టి, ఎడమచేత్తో పుల్ల గుచ్చడం మొదలుపెట్టారు.

బుట్టకి మా ఇంట్లో పరీక్ష ఒక్కటే. నిండా నీళ్లు పోసి పైకెత్తాలి. పోశారు, ఎత్తారు. అందరం బుట్ట అడుగుకేసే చూస్తున్నాం. ఒక్క చుక్క కారలేదు.

"కారలేదు!" అని నేను వేసిన కేకకి రేకులు అదిరాయి.

"నిదానమమ్మా, కొబ్బరికాయలు రాలిపోతాయి" అన్నారు అత్తగారు. ఎన్నాళ్లకో ఆవిడ నన్ను వేళాకోళమాడారు.

ఆయన పిన్నుల బుట్ట తీసేసి, దీన్ని పెట్టెలో పెడతానని చేయి చాచారు. ఆవిడ ఇవ్వలేదు. "అద్దాల్లో ఎండబెట్టడానికాండీ కుట్టేను? పిండుందా?"

"ఆయ్, ఉందండీ!"

పెట్టె ఖాళీగానే ఉండిపోయింది. అందులోకి వెళ్లాల్సినదాన్లో పొట్టిక్క వండుకుని, అల్లం పచ్చడితో తలో ముక్కా తినేశాం.

ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో ఆవిడ ఒళ్లో పనసాకులు.

"రేపటికి పప్పు నానబొయ్యి. ఆ స్టీలు ప్లేట్లు ఆయనకిచ్చెయ్యి, గోడకి తగిలించుకుంటారు" అన్నారు.

"ఆయ్" అన్నాను. మర్నాడు పొట్టిక్కలు తిని, చెయ్యి కడుక్కుని, ప్లేట్లు ఇచ్చి వచ్చాను.