సిటీ హాల్లో ఆంటీ సాక్ష్యం

కెనడా ప్రెయిరీ మైదానాల్లో ఒక ఊళ్ళో చదువుకున్న రెండేళ్ళూ మేం ముగ్గురు అమ్మాయిలం ఒక ఆంటీ బేస్‌మెంట్‌లో అద్దెకున్నాం. ఆంటీది కాకినాడ వైపు, ఆస్పత్రిలో నర్సు. కాలేజీలు మాలాంటి విదేశీ విద్యార్థులతో కిక్కిరిసిపోయిన రోజులవి. అద్దెలు పెరిగినా, బస్సులో సీటు దొరక్కపోయినా కారణం మేమేనని మా వార్డు కౌన్సిలర్ మైకు దొరికినప్పుడల్లా చెప్పేవాడు. "ఈ ఊరు ఎవరిది?" అని అడిగేవాడు, జనం "మాది" అని అరిచేవాళ్ళు. ఆ ఊపులోనే, ఒక ఇంట్లో ఒక్క విద్యార్థికి మించి అద్దెకు ఇవ్వకూడదని కౌన్సిల్లో ప్రతిపాదన పెట్టాడు. అది నెగ్గితే మాలో ఇద్దరం నడి చలికాలంలో వీధిన పడతాం.

ఓటింగుకు ముందు ఊరివాళ్ళెవరైనా ఐదు నిమిషాలు మాట్లాడవచ్చు. ఆంటీకి మేమే స్పీచ్ రాసిచ్చాం, అద్దె రూల్స్‌తో సహా. తీరా మైకు ముందుకెళ్ళాక ఆవిడ ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టేసింది. ప్రతి శుక్రవారం గృహ ప్రార్థనలో సాక్ష్యం చెప్పే అలవాటు కదా, అదే మొదలుపెట్టింది. దేవునికి స్తోత్రం చెప్పి, తన మోకాలి ఆపరేషన్ అయ్యాక వాకిట్లో మంచు తీసింది మేమేనని చెప్పింది. మేలు చేసినవాళ్ళను పదిమందిలో తలుచుకోవడం ఆ సాక్ష్యాల పద్ధతి. అందుకని, హీటర్ చెడిపోయి మేం వణుకుతుంటే కిందికి దిగొచ్చి బాగుచేసిన పక్కింటి పెద్దాయనకూ వందనాలు చెప్పింది. ఆ పెద్దాయన కౌన్సిలర్ పేరున్న అట్ట పట్టుకుని మూడో వరసలో కూర్చుని ఉన్నాడు.

ఆయన లేచాడు. "నేను ఈ అమ్మాయిల గురించి అనలేదు," అన్నాడు.

"మరి ఎవరి గురించి?" మేయర్ మామూలుగానే అడిగింది.

ఆయన చేతిలోని అట్టను బోర్లించి కూర్చున్నాడు. నాకు తల ఎత్తాలనిపించలేదు. ఇండియాలో డిగ్రీ చదివేటప్పుడు ఒక నాయకుడి ప్రచార లారీ ఎక్కి, బయటివాళ్ళు మా ఉద్యోగాలు తన్నుకుపోతున్నారని గొంతు చించుకున్నదాన్ని నేను. ఆ బయటివాళ్ళలో ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు.

ప్రతిపాదన రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. కౌన్సిలర్ మాత్రం తర్వాతి ఎన్నికల్లోనూ గెలిచాడు.

"స్పీచ్ ఎందుకు చదవలేదాంటీ?" అని ఆ రోజు తిరిగొస్తూ కార్లో అడిగాను.

"అది మీరు రాసిందమ్మా. నాకు జరిగింది నేను చెప్పా. సీట్‌బెల్ట్ పెట్టుకో, పొద్దున్నే నాకు షిఫ్ట్ ఉంది."

ఇల్లు నిలబెట్టినందుకు ఆవిడకు ఆ రోజే థాంక్స్ చెప్పాను. నాకు సిగ్గు తెప్పించినందుకు మాత్రం ఇంతవరకు చెప్పలేకపోయాను.