అవ్వ కోసం కట్టిన పడవ

ఆ రోజుల్లో నాకు చేతకాని పనంటూ లేదు. తిరుపతిలో బస్సుల బంపర్లకు ఫైబర్ అతుకులు వేసే షెడ్డులో చేరి ఇంకా ఏడాది కూడా కాలేదు. అయినా రెజిన్ జిగురు డబ్బా చేతిలో ఉంటే లోకంలో విరిగిందేదైనా అతికించగలనని గట్టి నమ్మకం. (ఇప్పుడు అదే షెడ్డులో మేస్త్రీని. ఆ నమ్మకం మాత్రం లేదు.) ఆ ధీమాతోనే చంద్రగిరి పక్కన మా ఊళ్ళో పడవ కట్టడానికి ఒప్పుకున్నాను. అప్పటికి పడవను సినిమాల్లో తప్ప చూసినవాణ్ణి కాను.

ఆ ఏడు వానలు విరగబడి కురిశాయి. చెరువు నిండి, అవతల ఉన్న మా చేనికి పోయే దారి మునిగింది. చుట్టుదారిన పోదామంటే వంక పొంగి దాని మీది మోరీ వంతెన కొట్టుకుపోయింది. ఆ చేలోనే మా తాత సమాధి. తాత పోయి ఏడాది కావస్తోంది, ఆ తిథికి సమాధి దగ్గర దీపం పెట్టాలని అవ్వ పట్టు. "నా సేత్తోనే పెడతానని ఆయనకు మాటిచ్చినాను. ఎట్ల పోయేది సెప్పండి" అని రోజూ అరుగు మీద కూర్చుని ఏడ్చేది. అది చూడలేక మా చిన్నాయన ఫోనులో ఎవరో ప్లైవుడ్ పడవ కట్టే వీడియో ఒకటి పట్టుకొచ్చి, "ఏమప్పా, ఇది నీ ఫైబర్ పనే గదా?" అన్నాడు. "అంతే చిన్నాయనా, కాస్త పెద్ద బంపరు" అన్నాను.

పలకలు కోసి, అంచులకు బెజ్జాలు వేసి, రాగి తీగతో కుట్టాం. మర్నాడు సందుల్లో రంపపు పొట్టు కలిపిన రెజిన్ ముద్ద మెత్తి, పైన ఫైబర్ టేపు పరిచి, బ్రష్షుతో రెజిన్ తాగించాను. ఒక్క గాలిబుడగ లేదు. ఆరాక పుట్టీ పెట్టి గరుకు ఉప్పుకాగితంతో రుద్దడం మొదలుపెట్టాం. చిన్నాయన కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి, "ఈడ గుంత ఉండాది" అనేవాడు. మళ్ళీ పుట్టీ, మళ్ళీ రుద్దుడు. దుమ్ముకు ఇద్దరి కనుబొమలూ తెల్లబడి, ఎవరు చిన్నాయనో ఎవరు కొడుకో తెలియకుండా పోయాం. చివరికి అతుకు ఎక్కడుందో మాకే కనబడలేదు. అవ్వ పడవను నిమిరి, "మా అబ్బోడు బంగారం" అంది. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను.

తిథి రోజు పొద్దున అవ్వను ఒడ్డున నిలబెట్టి, ముందు మేమిద్దరం ఎక్కి చూశాం. నాలుగు బారలు పోయామో లేదో, కాళ్ళ కింద తడి. టేపు కొస పట్టి లాగితే, పెనం మీద నుంచి దోసె లేచినట్టు ఈ చివర నుంచి ఆ చివరకు లేచొచ్చింది. పుట్టీ నునుపు చెక్కు చెదరలేదు, కొయ్యకు మాత్రం ఏదీ అంటలేదు. నీళ్ళలోకి దూకి పడవను ఒడ్డుకు ఈడ్చుకొచ్చాం. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

"నీళ్ళు ఎట్ల వచ్చెరా?" అంది అవ్వ, అయోమయంగా. "మీరు ఆ మందు పూసేదానికి ముందర రోజు, మీరు అన్నానికి పోయినప్పుడు, సందులన్నిటికీ నేను ఆముదం గుడక పట్టిస్తినే. కొత్త నాగలికి మీ తాత అట్లనే పట్టిస్తా ఉండె, కొయ్య నెర్రెలియకుండా."

నూనె తగిలిన కొయ్యకు రెజిన్ అంటదని మా షెడ్డులో మొదటి రోజే చెబుతారు. నేను నోరు తెరిచాను. చిన్నాయన నా కాలు గట్టిగా తొక్కి, "ప్లైవుడ్డు మంచిది గాదులేమ్మా, ఆ అంగడోడు మోసం సేసినాడు" అన్నాడు. (ఆ అంగడాయన పాపం మంచివాడు.)

అవ్వ ఒడ్డునే రాళ్ళు పేర్చి దీపం వెలిగించి, చెరువు అవతలికి గట్టిగా అరిచింది. "ఏమయ్యా, ఇంటాండావా? ఈ పొద్దు రాలేకపోతిని. పిల్లోల్లు శానా కష్టపడినారు, వాళ్ళనేమీ అనొద్దు. కొయ్యే మంచిది గాదంట."

చెరువు తగ్గకముందే అవ్వ పోయింది. చేనికి దారి లేక ఆమెను ఇవతల ఒడ్డునే పూడ్చాం. ఆ దుఃఖం నాకు ఇంకా తీరలేదు. ఇప్పుడు ఏటా తిథికి నేనే చేనికి వెళ్ళి తాత దగ్గర దీపం పెడతాను. పెట్టి, ఆ ఒడ్డున నిలబడి అవ్వను పూడ్చిన వైపు తిరిగి, "పెట్టినానవ్వా!" అని గొంతు చించుకుని అరుస్తాను. బట్టతల మేస్త్రీ ఒకడు నీళ్ళతో మాట్లాడుతుంటే గొర్రెలు కాసేవాళ్ళు ఆగి చూసి నవ్వుకుంటారు. నేనూ నవ్వుతాను, మళ్ళీ ఒకసారి అరుస్తాను.