థాంక్యూ చెప్పనివ్వని అక్క

నా చిన్నప్పుడు మా కాశిబుగ్గ వీధిలో ఎవరి నోటా వినపడని మాట థాంక్యూ. దాన్ని బడి నుంచి ఇంటికి మోసుకొచ్చింది నేనే. ఎవరైనా ఏదైనా ఇస్తే థాంక్యూ అనాలని, వద్దనుకుంటే నో థాంక్యూ అనాలని మా టీచరమ్మ నేర్పింది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. మంచినీళ్లిచ్చినా, జడ వేసినా మా బాపమ్మకు, అంటే మా నాయిన తల్లికి, థాంక్యూ చెప్పేదాన్ని. ఆమె విసుక్కునేది. "ఏందే ఆ మాట? ఇంట్లోళ్లకు గూడ సెప్తరా?"

మా వీధిలో ఆ మాట చేసే పని గిన్నెలు చేసేవి. పొరుగింటి నుంచి కూర వస్తే ఆ గిన్నెను కడిగి ఉత్తగా తిరిగి పంపకూడదు. గుప్పెడు పల్లీలో, బెల్లం ముక్కో వేసి పంపాలి. ఈ విషయంలో మా బాపమ్మ ఎవరి మాటా వినేది కాదు. ఉత్త గిన్నె పంపినవాళ్లను వీధంతా వినేలా తిట్టిపోసేది కూడా.

ఒక వానాకాలం మా అమ్మకు జబ్బు చేసి దవాఖానలో ఉండాల్సి వచ్చింది. నాయిన ఆమె దగ్గరే ఉండిపోయాడు. ఇంట్లో మగ్గం ఆగిపోయింది. పక్కింటి అక్క రోజూ మాకు అన్నం, కూర పంపేది. మా కడుపులు నిండేవి గానీ, గిన్నె తిరిగి పంపే వేళకు బాపమ్మ డబ్బాలన్నీ తడిమేది. పల్లీలు అయిపోయాయి, బెల్లం అయిపోయింది. చివరికి డబ్బా అడుగున మిగిలిన మెంతులు గిన్నెలో పోసి నా చేతికిచ్చింది. "ఇగ తేవద్దని చెప్పి రా బిడ్డా. మాకు వద్దని చెప్పు" అంది, నా వైపు చూడకుండా.

నేను వెళ్లి నేర్చుకున్న మాటే చెప్పాను. "నో థాంక్యూ అక్కా." చెబుతున్నప్పుడు వాళ్ల పొయ్యి మీద పప్పు ఉడుకుతున్న వాసన వస్తోంది. నాకు ఏడుపొచ్చింది. అక్క గిన్నెలోని మెంతులను చూసింది, నన్ను చూసింది. ఆ రోజు బాపమ్మా నేనూ నూకల గంజి తాగి పడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే అక్క మా గడపలో నిలబడింది. "అవ్వా, మా ఇంటికి సుట్టాలొచ్చిండ్రు. గిన్నెలు సాల్తలేవు. జర మీయి రెండు ఇయ్యవా?"

ఎన్నాళ్లకో బాపమ్మ ముఖం వెలిగింది. "గంత అడుగుడేంది బిడ్డా, తీస్కపో" అంటూ ఉన్నవాటిలో పెద్దవి ఏరి, కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. సాయంత్రం ఆ గిన్నెలు తిరిగొచ్చాయి, ఒకదాని నిండా అన్నం, ఇంకోదాని నిండా పప్పు. బాపమ్మ ఏదో అనబోయేలోపే అక్క అందుకుంది. "ఉత్త గిన్నెలు ఎట్ల ఇస్తనవ్వా? నువ్వే తిడ్తవ్ గదా!"

బాపమ్మ రెండు చేతులా గిన్నెలు అందుకుంది.

మరుసటి రోజూ చుట్టాలు వెళ్లలేదట, గిన్నెలు కావాలట. నేను ఉండబట్టలేక వెళ్లి తొంగిచూశాను. అక్క నేతకు నూలు కండె చుడుతోంది, ఆమె భర్త మగ్గం మీద ఉన్నాడు. ఇంకెవరూ లేరు. పరుగున వచ్చి బాపమ్మకు చెప్పాను. "నాకు ఎర్కే. నువ్వు తిను" అని ముద్ద కలిపి నా నోట్లో పెట్టింది. ఆమె కళ్ల నిండా నీళ్లు. అమ్మ ఇంటికొచ్చేదాకా అక్క వాళ్ల చుట్టాలు కదల్లేదు.

ఇప్పుడు మడికొండలో మా అపార్ట్‌మెంట్‌లో నేనూ రోజంతా థాంక్యూ అంటూనే ఉంటాను. పార్సిల్ తెచ్చిన అబ్బాయికి, లిఫ్ట్ ఆపిన పాపకు, ఆఖరికి ఫోన్ పెట్టేయడానికి కూడా ఆ మాటే. మంచి మాటే, నాకు దానిమీద కోపం లేదు. కానీ కష్టంలో ఉన్నవాళ్లకు ఏదైనా ఇవ్వాల్సి వస్తే మాత్రం, ముందు నేనే వాళ్లను ఏదో ఒకటి అడిగి తీసుకుంటాను. పుచ్చుకునే చేతికి ఎంత బరువో ఆ వానాకాలంలో చూశాను. అక్క ఇప్పుడు లేదు. ఆమెకు ఒక్కసారైనా థాంక్యూ చెప్పాలని నాకు ఎంత ఉండేదో! ఆ మహాతల్లి చెప్పనిస్తే కదా.