ఇస్తాంబుల్ పిల్లల కోసం ఉపవాసం

రెండేళ్ళ క్రితం గరాజ్ మెట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. పనిచేసే ఫార్మసీకి ఆరు వారాలు సెలవు పెట్టి, టెక్సస్‌లో, ప్లేనోలోని మా ఇంట్లో సోఫా మీద కాలు చాపుకుని కూర్చున్నాను. అప్పుడు టీవీలో దానంతటదే మొదలైన వీడియోలో ఆ పిల్లల్ని చూశాను.

వాళ్ళది టర్కీలో ఒక ఈస్పోర్ట్స్ సంస్థ: వీడియో గేముల పోటీలకి టీముల్ని దింపుతుంది, తన పేరుతో టీషర్టులూ అమ్ముతుంది. షూటింగ్ గేముల్లో దానికి రెండు మూడు టీములున్నాయి, ఒకటి అమ్మాయిలది కూడా. నాకు పిచ్చి పట్టింది మాత్రం ఐదుగురు కుర్రాళ్ళున్న టీము మీద. ఒక టీము బాంబు పెట్టాలి, రెండోది ఆపాలి. ముందు పదమూడు రౌండ్లు నెగ్గినవాళ్ళదే ఆట. టపాకాయ పేలితే చెవులు మూసుకునే మనిషిని నేను. కానీ ఓడిపోతున్నప్పుడు వాళ్ళ కెప్టెన్ గోళ్ళు కొరుక్కోవడం చూస్తే ప్రాణం ఉసూరుమనేది. కాలు అతుక్కుంది గానీ పిచ్చి వదల్లేదు.

చిక్కేమిటంటే, అక్కడ సాయంత్రం ఆటంటే ఇక్కడ ఆదివారం పొద్దున. సరిగ్గా మా తెలుగు చర్చి టైము.

ఒక ఆదివారం ఫోన్ పాటల పుస్తకంలో పెట్టుకుని, ముసుగు కింద ఒక చెవిలో ఇయర్‌బడ్ దూర్చుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. స్కోరు మావాళ్ళది పన్నెండు, అవతలివాళ్ళది పదకొండు. మావాళ్ళలో ఒక్కడే మిగిలాడు, అవతల ముగ్గురు. పాస్టర్‌గారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నారు. మావాడు ఒకణ్ణి కొట్టాడు. ఇంకొకణ్ణి కొట్టాడు. మూడోవాడు కూడా పడగానే నా నోరు ఆగలేదు.

"చంపేశాడు!"

చర్చంతా వెనక్కి తిరిగింది. పక్కన మా ఆయన తల దించేసుకున్నాడు.

"... సాతానుని," అన్నాను.

"ఆమేన్!" అన్నారు పాస్టర్‌గారు. "సిస్టర్‌గారూ, ముందుకొచ్చి సాక్ష్యం చెప్పండి."

మైకు ముందు అబద్ధం చెప్పడానికి భయమేసింది. "ఇస్తాంబుల్‌లో ఐదుగురు పిల్లలున్నారండీ. వాళ్ళ గురించి నాకు చాలా భారంగా ఉంటుంది. ఇవాళ పెద్ద గండం గట్టెక్కారు," అన్నాను. ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. కానీ పాస్టర్‌గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బైబిల్లోని ఎఫెసు, స్ముర్న సంఘాలు వెలిసిన దేశం!" అంటూ ఆ ఐదుగురి కోసం సంఘమంతటినీ మోకరించమన్నారు.

ఆ వారమే స్త్రీల సహవాసంలో వాళ్ళ కోసం శుక్రవారం ఉపవాసం పెట్టారు. దాన్ని నడిపించే పెద్దక్క ఆ మధ్యాహ్నం ఫోన్ చేసింది. షుగరున్న మనిషి, అయినా అప్పటిదాకా ఉట్టి మంచినీళ్ళతో ఉందట.

"పిల్లలకి బట్టలేమైనా పంపుదామా?"

"వద్దక్కా, వాళ్ళే బట్టలు అమ్ముతారు."

"అయ్యో, పనిలో కూడా పెట్టారా!"

ఇక తట్టుకోలేక శనివారం పాస్టరమ్మగారిని ఇంటికి పిలిచి, టీవీలో ఆట పెట్టి అంతా ఒప్పేసుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని టీవీకి దగ్గరగా జరిగింది. కాసేపు చూసి, "ఆ పెట్టె వెనక దాక్కున్నవాడు మనవాడేనా?" అంది.

"అవునండీ."

"మరి కాల్చడేం?"

ఆవిడ అలా అంటుండగానే వాణ్ణి కాల్చేశారు. మావాళ్ళు ఓడిపోయి టోర్నమెంటు నుంచి బయటికొచ్చేశారు. ఆవిడ టీ తాగి వెళ్తూ గుమ్మంలో, "రేపు నువ్వే అందరికీ చెప్పాలి," అంది.

చెప్పాను. నవ్వినవాళ్ళు నవ్వారు. వెనకనుంచి ఒక స్టూడెంట్ కుర్రాడు చప్పట్లు కొట్టబోయి మానుకున్నాడు. పాస్టర్‌గారు గొంతు సవరించుకుని, ఏ పిల్లల కోసం చేసినా ప్రార్థన వృథా పోదన్నారు. అయితే ఇకనుంచి ఫోన్లు గుమ్మం దగ్గర బుట్టలో వెయ్యమన్నారు.

ఆరాధనయ్యాక భోజనాల దగ్గర వడ్డన పెద్దక్కదే. నా ప్లేటు చూసి, గరిటెతో గిన్నెంతా జాగ్రత్తగా వెతికి, ఒక్క ముక్క కూడా లేకుండా బిర్యానీ వడ్డించింది.