వాసన ఎటు నుంచి వచ్చింది?

మా కెప్టెన్ మేడమ్ పోయిన వారం సికింద్రాబాదు కార్ఖానాలోని తన ఇంట్లో కన్నుమూశారు. ఆవిడ చెల్లెలు ఫోన్‌లో ఆ మాట చెప్పగానే, ముందురోజు ఎలా ఉన్నారు, ఎక్కడ నొప్పన్నారు, ఏం చేస్తుండగా అన్నారు అని వరసగా అడిగాను. అలా అడగడం ఆవిడ నేర్పిన అలవాటేనని గుర్తొచ్చి ఆగిపోయాను.

ఎనభైల్లో బేగంపేటలో చిన్న విమానాన్ని అద్దెకు నడిపే కంపెనీ ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. అందులో నేను మెకానిక్‌ని. విమానం ఒకటే, పైలట్లు ఇద్దరు. ఒకరు మేడమ్. ఆవిడది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం, తండ్రి బడిపంతులు. పైలట్లు దిగగానే కారెక్కి వెళ్ళిపోవడమే నేను అంతకుముందు చూసింది. ఈవిడ మాత్రం నేరుగా మా షెడ్డులోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చునేవారు. ఇంజను ఎలా అదిరిందో బల్ల మీద వేళ్ళతో కొట్టి వినిపించేవారు. మేం చెప్పేది మొత్తం విని, “ఇంకా?” అనేవారు. మొదట్లో చిరాకు వేసేది. కానీ ఇక చెప్పడానికేం లేదనుకున్న తర్వాత కూడా ఏదో ఒకటి మిగిలే ఉండేది.

“పైన మాకు వినపడేది కింద మీకు వినపడదు బాబూ. మధ్యలో ఉన్నది మాటొక్కటే,” అనేవారు.

రెండో పైలట్ బన్సీలాల్‌పేట్ కుర్రాడు. విమానం నడపడంలో చేయి మంచిది. ఒకసారి ఏదో లోపం ఉందని చెప్పినందుకు ప్రయాణం రద్దయింది. యజమాని అందరి ముందూ అతన్ని పిరికివాడన్నాడు. అప్పటి నుంచి ఏం చెప్పినా నడుస్తూనే, ఎటో చూస్తూ చెప్పేవాడు.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం దిగి, “జెర వాసనొచ్చింది, చూస్కో,” అని వెళ్ళిపోయాడు. ఇంజన్లు తిప్పి చూశాం. రెక్కల కింద, గొట్టాల దగ్గర వెతికాం. ఏమీ దొరకలేదు.

మర్నాడు పొద్దున విమానం నడపాల్సింది మేడమ్. అతనేమన్నాడో యథాతథంగా చెప్పమన్నారు. చెప్పాను. ఏం వాసన, ఎప్పుడు, ఎటు నుంచి అని అడిగారు. అవేవీ నేను అతన్ని అడగలేదు. ప్రయాణికులు వచ్చేశారని మేనేజర్ తొందరపెడుతున్నాడు. ఆవిడ నన్ను కంపెనీ జీపులో ఎక్కించుకుని బన్సీలాల్‌పేట్‌కు బయల్దేరారు.

అతను అప్పుడే నిద్ర లేచాడు. మమ్మల్ని చూసి మొహం పాలిపోయింది. వాళ్ళమ్మ కుర్చీలు వేసి పక్కనే నిలబడింది. ఎవరూ తప్పు పట్టడానికి రాలేదని మేడమ్ నెమ్మదిగా చెప్పారు. అప్పుడు, వచ్చింది పెట్రోల్ వాసనని ఒప్పుకున్నాడు.

“ఎటు నుంచి?”

“కాళ్ళ దిక్కు నుంచి మేడమ్.”

“అప్పుడేం చేస్తున్నావు?”

“చలి వెడ్తుంటె హీటర్ ఏసిన. బంద్ చేసినంక జెరసేపటికి పోయింది.”

మా షెడ్డులో ఎవరికీ హీటర్ తోచలేదు. సికింద్రాబాదులో నేల మీద హీటర్ ఎవరు వేస్తారు? తిరిగొచ్చి విమానం ముక్కు భాగం విప్పాం. ఆ హీటర్ పెట్రోలుతో మండేది; దానికి పెట్రోలు తెచ్చే సన్నగొట్టం అతుకు దగ్గర కారుతోంది. వేడి బయటికి పోకుండా చుట్టూ పెట్టిన మెత్తటి పొర తడిసిపోయింది. నిప్పురవ్వ పుట్టే చోటు అక్కడికి జానెడు దూరం.

మేనేజర్ తొంగి చూసి, “హీటర్ ఏయకుంటే అయిపాయె గద మేడమ్,” అన్నాడు.

“నేను తీసుకెళ్ళను. ఇంకెవరూ తీసుకెళ్ళకుండా ఇక్కడే కూర్చుంటాను,” అని ఆవిడ విమానం ముందు స్టూలు వేసుకున్నారు. మా వెంట జీపులో వచ్చిన కుర్రాణ్ణి పిలిచి, “చెప్పింది నువ్వే. మంచి పని చేశావు,” అన్నారు. అతను సంతోషించలేదు. మేనేజర్ మొహం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

తర్వాత కొద్దిరోజులకే ఆవిడ్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆవిడ పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పుకున్నారు. కుర్రాడు వేరే రాష్ట్రంలో ఇంకో కంపెనీలో చేరాడు.

రెండేళ్ళకు అతను నడుపుతున్న విమానం కొండల్లో కూలిపోయింది. ఎవరూ మిగల్లేదు. వాతావరణం బాగాలేదని పేపర్లు రాశాయి. మోండా మార్కెట్‌లో ఆ వార్త విన్న మేడమ్, కూరల సంచితోనే మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు.

“ముందురోజు దిగినప్పుడు ఎవరితోనైనా ఏమైనా అన్నాడేమో,” అన్నారు.

అతని కంపెనీ ఉన్న ఊరికి ఒక్కరే రైల్లో వెళ్ళారు. అక్కడి షెడ్డుకు తాళం ఉందట. పనివాళ్ళు ఎటు వెళ్ళిపోయారో తెలియదన్నాడట కాపలా మనిషి. తిరిగొచ్చాక ఆ సంగతి నా దగ్గర మళ్ళీ ఎత్తలేదు. కానీ ప్రతి క్రిస్మస్‌కూ కేకు పట్టుకుని బన్సీలాల్‌పేట్ వెళ్ళి, అతని తల్లి దగ్గర ఒక పూట గడిపి వచ్చేవారు.

పోయిన వారం మేడమ్‌ను సాగనంపడానికి సమాధుల తోటకు ఆ తల్లి కూడా వచ్చింది. బాగా ముసలిదైపోయింది. పాట అయ్యాక అందరం తలా పిడికెడు మట్టి వేస్తుంటే, ఆమె మట్టి తీసుకుని నా వైపు తిరిగింది.

“ఆ దినం మేడమ్ ఇంటికొచ్చి అడిగింది గద. ఆడ గూడ మా పోరన్ని ఎవ్వరన్న అట్ల అడిగిన్రా బిడ్డా?”

తెలియదమ్మా అన్నాను. జనం గేటు వైపు కదిలారు. పిడికిలి సందుల్లోంచి మట్టి కొద్దికొద్దిగా జారి తన పాదాల మీదే పడుతుంటే, ఆమె అలాగే నిలబడి ఉంది.