సబ్బునీళ్ల డ్రమ్ము

బొల్లారంలోని ఒక మందుల కంపెనీలో, నీళ్లను పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరిన కొత్తలో కాజీపల్లిలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటి ఓనరమ్మ మంచి మనిషి. నేను డ్యూటీకి వెళ్లగానే నా గది కూడా తనే తుడిచిపెట్టేది. చిక్కల్లా ఆ నీళ్లతోనే. వాషింగ్ మెషిన్ వదిలిన సబ్బునీళ్లన్నీ నీలం డ్రమ్ములో పట్టి, వారం పొడుగునా వాటితోనే తుడిచేది. నాలుగో రోజుకల్లా గదంతా మురిగిన గుడ్డ కంపు.

"ఆంటీ, నిలవ నీళ్లల్ల పురుగులు పెరుగుతయి" అన్నాను ఒకరోజు.

"సబ్బునీళ్లల్ల పురుగెట్ల బతుకుతది బిడ్డా? సదువుకున్నదానివి, గదన్న తెల్వదా?"

చదువు మాట ఎత్తాక ఊరుకోలేకపోయాను. డ్రమ్ము నీళ్లు ఒక సీసాలో, అన్నే రోజులు నిలవ ఉంచిన బోరు నీళ్లు ఇంకో సీసాలో పట్టుకెళ్లాను. ల్యాబ్‌లో ఎవరూ చూడకుండా పురుగులకు మేతగా జెల్లీ పోసిన రెండు ప్లేట్లలో వేసి, వాటిని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్‌లో ఓ మూలకు నెట్టాను. కంగారులో వాటి మీద ఏమీ రాయలేదు, డ్రమ్ము నీళ్లది పైన పెట్టానని గుర్తుపెట్టుకున్నానంతే.

రెండు రోజులకు మా సారు ఇంక్యుబేటర్ తెరిచి కేక పెట్టారు. బోరు నీళ్ల ప్లేటులో పదో పన్నెండో చుక్కలు, ఒక్కో చుక్కా ఒక పురుగుల గుంపు. డ్రమ్ము నీళ్ల ప్లేటులో మాత్రం సందే లేదు, పచ్చగా, జిగటగా అల్లుకుపోయింది. అవి కంపెనీ నీళ్లే అనుకుని ఆయన ఫోన్ అందుకున్నారు.

"ప్లాంట్ బంద్ చేయించాలె! జల్దీ!"

"సార్, అవి మా ఓనరమ్మ బట్టలుతికిన నీళ్లు."

పావుగంట తిట్టారు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "వాటితోని ఏం జేస్తరు?" అన్నారు.

"ఇల్లు తుడుస్తరు సార్."

"మా ఇంట్ల గూడ గంతే" అంటూ కుర్చీలో కూలబడ్డారు.

సాయంత్రం ఫోన్‌లో ఆ ప్లేటు ఫోటో చూపిస్తే, "గివేంది, సగ్గుబియ్యం వడియాలా?" అంది ఓనరమ్మ. పలచని సబ్బుకు మెత్తని పురుగులే చస్తాయనీ, మొండివి మిగిలి, పోటీ లేక, బట్టల మురికిని తిని పెరుగుతాయనీ, కొన్నైతే ఆ సబ్బునే తింటాయనీ చెప్పాను.

ఆమె నోరు తెరిచింది. "సబ్బును తింటయా? మల్లెపూల వాసన పౌడర్ ఏరి ఏరి కొంటున్న, గీటికా?"

వెంటనే డ్రమ్ము వంచబోయి ఆగింది.

"మరి మోరీల పోస్తే, ఆడ గూడ తింటయి గదా?"

చివరికి ఆ నీళ్లు మురుగుకాలువలోనే పారబోసి, ఇద్దరం కలిసి డ్రమ్ము కడిగాం.

ఇప్పుడు పౌడర్ సగమే వేస్తుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజే బాత్రూమ్ కడగడానికి వాడేస్తుంది. నా గది మాత్రం నేను ఇంటికొచ్చాక, నా కళ్లముందే, బోరు నీళ్లతో తుడిచి, "శక్ ఉంటే ల్యాబుల పెట్టి సూస్కో" అంటుంది.